అడ్డగోడ లేని టాకీసు

బావా,

నువ్వు పోయి ఏడాదాయ. నిన్న కోడలు నన్ను తిరుత్తణిలో కొత్త టాకీసుకు పిలుచుకోని పోయింది. బస్సు తప్పిపోతాదేమో, చెప్పులు పోతాయేమో అని నా దిగులు నాది. మన డేరా టాకీసు మాదిరి ఈడ కింద కూచునేదానికి ఇసక లేదు, అన్నీ కుర్చీలే. ఆడోళ్ళకీ మొగోళ్ళకీ మధ్యన అడ్డగోడ లేదు. మొగుడూ పెండ్లాలు పక్కపక్కనే కూచోని మురుకులు తింటా వుండారు.

పళ్ళిపట్టు డేరా టాకీసులో నేను భయపడతానని నువ్వు గోడకవతల నుంచి దగ్గుతా వుంటివి. "ఊరంతా నవ్వుతాది, చాలించు" అని ఇంటికొచ్చి తిడితిని.

నిన్న ఎవురో దగ్గినారు. లేచి నిలబడితిని.

"యాడికత్తా? సినిమా ఇంకా అయిపోలా" అనె కోడలు.

"నడుము పట్టేసిందిలే" అంటిని.

నా పక్క కుర్చీ ఖాళీగా వుండె. ఎవురన్నా కూచుంటారేమోనని, ఆట అయ్యేదాకా దాని మింద సంచి పెట్టి పట్టుకోనుంటిని.