మూడో వైరు

హాలిఫాక్స్,
8 జనవరి 1996

ప్రియమైన విల్ఫ్,

నీ చెవులు పూర్తిగా పోయాయనీ, ఇక ఫోను చేసి లాభం లేదనీ మీ అమ్మాయి చెప్పింది. ముప్పై ఏళ్లు బాయిలర్ల మోతలో తల దూర్చినవాడివి, ఇన్నాళ్లు నిలిచాయంటేనే గొప్ప. అందుకే బడి వదిలాక మొదటిసారి ఇలా కాగితం ముందేసుకు కూర్చున్నాను.

మేవిస్ ఆసుపత్రి నుంచి వచ్చింది. న్యుమోనియా. ఇల్లు వెచ్చగా ఉంటుందని నేను మాటిస్తేనే డాక్టరు పంపాడు. ఆమె వచ్చిన మర్నాడే రేడియేటర్లు చల్లబడ్డాయి. కుళాయిలో వేడినీళ్లు మామూలుగానే వస్తున్నాయి. రేడియేటర్లు మాత్రం ఒక పూట వెచ్చగా ఉంటే రెండు పూటలు మంచుగడ్డలు. మెకానిక్ మూడు వారాలకు గానీ రాలేనన్నాడు. మేవిస్‌కు దగ్గు మళ్లీ మొదలైంది. ఇలాగే ఉంటే మళ్లీ ఆసుపత్రికేనని నర్సు చెప్పి వెళ్లింది.

నా సంగతి నీకు తెలుసు. బస్సులో టికెట్లు కొట్టడం తప్ప ఈ చేతులకు ఏ పనీ రాదు. బల్బు మార్చాలన్నా మేవిసే కుర్చీ ఎక్కుతుంది. కానీ ఈ ఇంట్లో పైపులూ వైర్లూ వేసింది నువ్వు. నువ్వు చెప్పు, నేను చేస్తాను.

నీ,
క్లిఫ్


విట్బీ,
11 జనవరి

ఒరే క్లిఫ్,

నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకునే రోజు చూడటానికి బతికున్నాను, చాలు.

విను. మీ ఇంట్లో వేడినీళ్లు వాటంతట అవే పైకెక్కుతాయి. రేడియేటర్లలోకి మాత్రం పంపు తోయాలి. ఆ పంపుకు యజమాని హాలు గోడ మీది థర్మోస్టాట్. చలి పడితే తిరగమంటుంది, వెచ్చబడితే ఆగమంటుంది. ఇప్పుడు పంపు చచ్చిందా, యజమాని నోరు మూసుకున్నాడా, లేక చెప్పిన మాట దారిలో పోతోందా, అది తేల్చాలి.

ఏ మూతా విప్పకు. మెట్ల కింద అలమరలో పంపు ఉంది. స్క్రూడ్రైవర్ కొస దాని ఒంటికి ఆనించి, పిడి నీ చెవికి పెట్టుకో. మేవిస్‌ను థర్మోస్టాట్ చక్రం మెల్లగా తిప్పమను. టిక్కుమంటుంది. ఆ తరవాత నీకేం వినిపించిందో రాయి. నా బదులు నువ్వు వినాలి.

విల్ఫ్


హాలిఫాక్స్,
15 జనవరి

ప్రియమైన విల్ఫ్,

విన్నాను. ఇరవై ఏడేళ్లుగా ఆ అలమరలో చీపురు పెడుతున్నాను గానీ, అక్కడ ఇంత సంగతి ఉందని నాకు తెలియదు. మొదటిరోజు సాయంత్రం పంపు తిరుగుతున్నప్పుడు పిడి చెవికి పెట్టుకోగానే సన్నని హోరు, దాని వెనక నీళ్లు పరిగెత్తే చప్పుడు, ఇంకా లోపల బాయిలర్ గురగుర వినిపించాయి. ఇల్లంతా నా చెవిలోకి వచ్చేసింది. ఒళ్లు జలదరించింది విల్ఫ్. నువ్వు రోజూ ఇది వింటూ బతికావా? మేవిస్ పిలిచి పిలిచి, చివరికి నా వీపు మీద చెప్పు విసిరింది.

మర్నాడు రేడియేటర్లు చల్లబడ్డాక మళ్లీ విన్నాను. టిక్కు వినిపించింది, పంపు మాత్రం కదల్లేదు. పది సార్లు అంతే. విసుగొచ్చి థర్మోస్టాట్ కింద గోడ మీద అరచేత్తో ఒకటి చరిచాను. వెంటనే హోరు మొదలైంది! మేవిస్ నవ్వింది. ఆ గోడకు అలాగే కావాలట. తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా అది తన చేతిని కరుస్తుందని ఆమె ఎప్పటినుంచో అంటుంది. నైలాన్ స్వెట్టర్ వల్ల అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

ఇప్పుడేం చేయను?

నీ,
క్లిఫ్


విట్బీ,
17 జనవరి

క్లిఫ్,

మిగతాది చదివే ముందు బాయిలర్ పక్కన ఉన్న ఫ్యూజు తీసి జేబులో పెట్టుకో. ఆ గోడ ఎవరూ ముట్టుకోకండి. మేవిస్‌ను పక్కింట్లో కూర్చోబెట్టు.

ఫ్యూజు నీ జేబులో ఉండగానే థర్మోస్టాట్ మూత విప్పు. గోడలోంచి వచ్చే వైర్లు ఎన్ని, ఏ రంగువి, ఏది ఎక్కడ బిగించి ఉంది, ఉన్నది ఉన్నట్టు రాయి. దేన్నీ తాకకు.

విల్ఫ్


హాలిఫాక్స్,
19 జనవరి

ప్రియమైన విల్ఫ్,

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేకపోయేసరికి నాకు భయం వేసింది.

మేవిస్ పక్కింటి మిసెస్ హోల్‌రాయిడ్ దగ్గర ఉంది. ఆవిడ టీ ఇస్తుంది గానీ మాట్లాడనివ్వదు, దగ్గుకు అదీ మంచిదే.

మూత విప్పాను. ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. మూడోది తొడుగు లేని ఉత్త రాగి వైరు. ఎర్రది ఒకటో నంబరు స్క్రూ మరకు, నల్లది నాలుగో మరకు బిగించి ఉన్నాయి. రాగి వైరు మూడో మరకు ఉంది. ఎర్త్ అని రాసి ఉన్న మర ఖాళీగా ఉంది. గోడ లోపలికి టార్చి వేసి చూశాను. తేమకు రాగి పచ్చబడి, సున్నంలో ఒకచోట తెగి, రెండు కొసలూ ఆనీ ఆననట్టు ఉన్నాయి. గోడ చరిస్తే అవి కలుస్తున్నట్టున్నాయి.

ఇదంతా నా అంతట నేనే కనిపెట్టాను. మేవిస్‌కు చెబితే నమ్మలేదు.

నీ,
క్లిఫ్


విట్బీ,
22 జనవరి

ప్రియమైన క్లిఫ్,

గోడ కరుస్తోందని నువ్వు రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. కాకూడదని దేవుణ్ని వేడుకుంటూ కూర్చున్నాను.

ఆ రాగి వైరు ఎర్త్ కోసం. ఏదైనా తప్పు జరిగితే మనిషిని కాపాడేది అదే. ఆ థర్మోస్టాట్‌కు మూడు వైర్లు కావాలి, ఎర్త్ నాలుగోది. నేను వేసిన కేబుల్‌లో ఉన్నవే మూడు. పంపుకు కరెంటు పోయే దారిగా నేను ఎర్త్ వైరునే వాడాను. పంపు తిరిగినప్పుడల్లా మీ హాలు గోడలో ఉత్త రాగిలో కరెంటు పారింది. అది ఎవడో పనివాడు చేసింది కాదు, నేను చేసిందే. ఎందుకు చేశానో గుర్తు లేదు. బద్ధకం అయి ఉంటుంది. మేవిస్ ఆ గోడ తుడిచిన ప్రతి రోజూ నాకిప్పుడు కళ్ల ముందు కనిపిస్తోంది. నన్ను క్షమించమని ఏ మొహంతో అడగను?

నాలుగు వైర్లున్న కేబుల్ కొని గోడ పైనుంచి లాగు. పటం గీసి పెడుతున్నాను. కానీ ఫ్యూజు తిరిగి పెట్టే ముందు మీటరుతో పరీక్షించే ఎలక్ట్రీషియన్‌ను పిలువు.

ఇంకో మాట. మీ ఇంటికి వేసిన ఏడే మీ బెక్ రో వీధిలో మరో పదకొండిళ్లకు నేనే వేశాను. ఒకచోట చేసినవాణ్ని ఇంకెన్నిచోట్ల చేశానో. నువ్వు వెళ్లి చూడు. విల్ఫ్ గ్రీన్‌వుడ్ చేసిన తప్పని నా పేరు చెప్పి తలుపు తట్టు. ఇది తేలేదాకా నాకు నిద్ర లేదు.

విల్ఫ్


హాలిఫాక్స్,
12 ఫిబ్రవరి

ప్రియమైన విల్ఫ్,

ముందు నీకు నిద్ర పట్టే సంగతి చెబుతాను. పదకొండిళ్లూ చూశాను. ఒక్కొక్క ఇంట్లో ఫ్యూజు తీసి, మూత విప్పి, టార్చి వేసి చూశాను. అన్నిచోట్లా నాలుగు వైర్ల కేబులే. ఎర్త్‌కు పచ్చ తొడుగు తొడిగి, దాని మరకే బిగించావు. ఎంత ముచ్చటైన పని! పదో ఇంటికి వచ్చేసరికి నీ చేతిరాతను గుర్తుపట్టినట్టు నీ బిగింపును గుర్తుపట్టాను. నీ పేరు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

మా ఇంట్లో కొత్త కేబుల్ లాగాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూసి, ఎవరు వేశారని అడిగాడు. నేనే అన్నాను. మేవిస్ దగ్గు తగ్గింది.

ఇక రెండోది. ఆ పదకొండో ఇంటి నుంచి వస్తుంటే నాకు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఊరందరికీ సరిగ్గా చేసి, ప్రాణస్నేహితుడి ఇంట్లోనా బద్ధకించేది? ఇంటికి వచ్చి మేవిస్ దగ్గర వెళ్లగక్కాను. ఆమె అల్లిక పక్కన పెట్టింది.

"ఏమయ్యా, మన ఇంట్లో ఆ పంపు ఏ రోజు తిరగడం మొదలుపెట్టిందో నీకు తెలియదా?"

నాకు తెలియదు. అమ్మాయి పుట్టిన ఆ శనివారం నా బస్సు కొండ మీద మంచులో కూరుకుపోయింది. సోమవారం మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేదు. అప్పటికి జిలియన్ పుట్టి రెండు రోజులు, అంబులెన్స్ వచ్చి తల్లీబిడ్డలను తీసుకుపోయింది.

మేవిస్ చెప్పింది. ఆరు వారాలు ముందే పుట్టిన బిడ్డ. బరువు నాలుగు పౌండ్లు కూడా లేదు. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. గది వెచ్చగా ఉంటే అంబులెన్స్ వచ్చేదాకా నిలుస్తుంది, లేకపోతే లేదని మంత్రసాని చెప్పేసిందట. నువ్వు అప్పటికి పైపులు వేసి, వైర్ల పని మిగిల్చావు. మర్నాడు ఆదివారం మంచులో నడిచి వచ్చావు. దుకాణాలు తెరవలేదు. సంచిలో ఏ కేబుల్ ఉందో దానితోనే సాయంత్రానికి పంపు తిప్పావు. సోమవారం పొద్దున మేవిస్ బిడ్డను పొదువుకుని మెట్లు దిగితే, నువ్వు కింది మెట్టు మీద, బూట్లతోనే, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, థర్మోస్టాట్ కింద గోడకు ఆనుకుని నిద్రపోతున్నావు. తాగి పడిపోయావనుకుందట. ఇన్నేళ్లూ పండగలకూ పబ్బాలకూ నిన్ను ఆ మాటే అని ఏడిపించింది. నువ్వూ కిమ్మనలేదు.

"ఎవరూ ఆ గోడ ముట్టుకోకుండా వాడు కాపలా కూర్చున్నాడు క్లిఫ్" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ తరవాత ఊరంతా పైపులు పగిలాయి, నువ్వు ఇల్లిల్లూ తిరిగావు, తిరిగొచ్చి మార్చడం మర్చిపోయావు. అది తప్పే. నేను కాదనను. మేవిస్ చేతికి ఏమన్నా అయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. కానీ నువ్వు బద్ధకమని రాశావు చూడు, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఆదివారం జిలియన్ వస్తే అంతా చెప్పాను. ఇరవై ఏడేళ్లు నిండుతున్నాయి దానికి. ఈ శనివారం ముగ్గురం రైలెక్కి విట్బీ వస్తున్నాం. నీకు వినపడదని చెప్పాను. తను చెప్పేదేమీ లేదట, ఒకసారి నీ చేతులు పట్టుకుంటుందట.

నీ,
క్లిఫ్