తళతళలాడే మాస్కు

మే నెల, శుక్రవారం రాత్రి

జల్‌పల్లిలో మేం ట్యాంకర్లకు రంగులేసే షెడ్డుకు మా సేఠ్ ఒక్కటే మాస్కు కొన్నాడు. దాన్ని నాతో పనిచేసే ఖాజాకిచ్చాడు. నీళ్ల ట్యాంకర్ లోపల స్ప్రే కొట్టేది వాడేనట. మరి బయట, కాలిపోతున్న రేకు మీద రంగు వేసే నాకేమో తడి తువ్వాలు. వారం నుంచీ ఆ మాస్కునే చూస్తున్నాను. ఒక్క రంగు చుక్క లేకుండా తళతళలాడుతుంటే కడుపు మండిపోతుంది.

ఇవాళ మధ్యాహ్నం వాడు తూలుతూ బయటికొచ్చి కూలబడ్డాడు. నీళ్లు తాగించి అడిగాను. "మాస్కు పెట్టుకున్నంక గూడ గిట్లెందుకయింది భాయ్?"

"ఏమో అన్నా. సాఫ్‌గ ఉండాలెనని రోజూ థిన్నర్‌ల కడుగుతనే ఉన్న."

రంగు పలచన చేసే థిన్నర్‌తో చేతులు, బ్రష్షులు కడుక్కున్నట్టే మాస్కునూ కడిగాడు. వారమంతా ఆ థిన్నర్‌నే పీల్చాడు.

వాణ్ణి ఆటోలో ఆసుపత్రికి పంపి, సేఠ్ ఆ మాస్కు నా చేతిలో పెట్టాడు. "రేపటి సంది లోపల నువ్వే కొట్టాలె."

ఎలా ఉన్నావని ఖాజాకు ఇంకా ఫోన్ చేయలేదు. ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడి మాస్కు పెట్టుకున్నాను. థిన్నర్ వాసన గుప్పుమంది. అయినా తీయబుద్ధి కాలేదు.