మన గానుగలో పాలెక్కడివి

స్ఫాక్స్, సోమవారం

మొంధర్,

తొమ్మిదేళ్ల కిందట ఆఫీసులోంచి నా కుర్చీ తీయించావు. "చదువు రాని మనిషికి కాగితాల మధ్య ఏం పని చిన్నాన్నా, గానుగ దగ్గరుండు" అన్నావు. అది నేను మరిచిపోలేదు.

ఇప్పుడు నాణ్యత సర్టిఫికెట్ కోసమని ఇంటర్నెట్‌లో కొన్న రెడీమేడ్ కాగితాలు పంపి, గానుగ పెద్ద హోదాలో నన్ను సంతకం పెట్టమన్నావు. అక్షరం కింద వేలు పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. పన్నెండో పేజీలో "పాలను వెంటనే చల్లబరచవలెను" అని ఉంది. మనది ఆలివ్ నూనె గానుగ. ఆవును ఎప్పుడు కొన్నావో నాకు చెప్పలేదు. చదువుకున్న ఆరుగురు ఆ పేజీ కింద సంతకాలు పెట్టారు. అందరికంటే పైన నీదే.

మన పని చూసి కాగితాలు రాసిచ్చే కన్సల్టెంటు దలెండా అక్కర్లేదన్నావు. నిజం చెబుతున్నా, ఆమె చూడడానికి వచ్చిన రోజు నాకూ భయమేసింది, ఈ ముసలాడు అనవసరమని రాస్తుందేమోనని. ఆమె రోజంతా గానుగ దగ్గరే నిలబడింది. "ఆలివ్ ముద్ద సిద్ధమైందని మీకెలా తెలుస్తుంది, హాజీ?" అని అడిగింది. "చప్పుడు మారుతుందమ్మా, ముద్ద తొట్టి గోడను వదిలేస్తుంది" అన్నాను. రాసుకుంది. నలభై ఏళ్లలో మీరెవరూ అడగలేదు.

వచ్చే నెల తనిఖీవాళ్లు కాగితంలో రాసిందే చేస్తున్నామా అని అడుగుతారు. నేను చేసే పని లేని కాగితం మీద నా సంతకం ఉండదు. ఆమెను పిలుస్తావో లేదో గురువారం సాయంత్రంలోగా చెప్పాలి. జవాబు కోసం ఆఫీసుకే వస్తాను. కుర్చీ వేయించు.

మీ చిన్నాన్న