కరెంటు కవ్వం

నవంబర్ 24, ఆదివారం

చరిత్రలో నమోదు కావలసిన రోజు. ఇంజనీరింగ్ పాసై ఇంట్లో కేకులు చేసుకుంటున్న ఏకైక పుత్రరత్నానికి నాన్న మిక్సర్ కొంటానన్నారు. షరతు ఒకటే. డిసెంబర్ 15, ఆదివారం మా వీధి సామ్యేలు మాస్టారి అమ్మాయి రూబీ ఎంగేజ్‌మెంట్. ఆ కేకు నా మొదటి పెద్ద ఆర్డరు. అది సవ్యంగా జరిగితే బేకరీ సంగతి ఆలోచిస్తారట. జరక్కపోతే ఆ సోమవారం నుంచి రామచంద్రపురంలో మా ఎరువుల కొట్టు, దాని స్టూలు, నేను.

నవంబర్ 26

నాన్న రాజమండ్రి వెళ్లి మిక్సర్ తెచ్చారు. మూడు జార్లున్నాయి. ఒకటి చట్నీకి.

మిక్సరంటే మిక్సీయే కదా అన్నారు. బీటెక్‌లో కూడా ఇంత కష్టమైన వైవా ఎదుర్కోలేదు. ఇది బ్లేడుతో రుబ్బుతుందని, నాకు కావలసింది గాలి ఎక్కించేదని విన్నవించాను. గాలి ఎక్కించడానికి నువ్వున్నావు కదరా, మళ్లీ మిషనెందుకు అన్నారు. ఈలోగా అమ్మ జార్లు కడిగి బోర్లించేసింది.

నవంబర్ 28

ఈసారి నేనే వెళ్లాను. హ్యాండ్ మిక్సరయితే సొరుగులో పడుంటుంది, కానీ అది తిరిగినంతసేపూ పట్టుకుని నిలబడాలి. స్టాండ్ మిక్సర్ గిన్నెను తనే పట్టుకుని తనే తిరుగుతుంది. మనం ఫోన్ చూసుకోవచ్చు. తీవ్రంగా ఆలోచించి స్టాండ్ మిక్సర్ తెచ్చాను.

నాయనమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. కరెంటు కవ్వమా అంది. తాడేదని అడిగింది. గేదెల్ని అమ్మేశాక ఆవిడ ఒక వస్తువుని ఇంత శ్రద్ధగా చూడటం ఇదే.

డిసెంబర్ 8

స్పాంజి ట్రయల్. గుడ్లు, పంచదార నురగలా పొంగాయి. కరెంటు పోయింది. నురగ దిగిపోయింది. నేనూ.

డిసెంబర్ 12

పొంగింది. ఎవరికీ చెప్పలేదు. దిష్టి.

డిసెంబర్ 14, శనివారం, మధ్యాహ్నం

స్పాంజిలు రెడీ. రూబీ ఫోన్ చేసింది. బేకరీ కేకు వద్దని వాళ్ల నాన్నతో పోట్లాడి మరీ ఆర్డరు నాకిప్పించిందట. డాల్డా వాసనొచ్చే క్రీమ్ నా ఆత్మగౌరవానికి పడదు కనక అసలైన పాల క్రీమే తెప్పించాను. ఉన్నదంతా గిన్నెలో పోశాను.

అదే రోజు, సాయంత్రం

క్రీమ్ మెత్తగా నిలబడగానే మిక్సర్ ఆపి, కేకు డబ్బా కోసం బజారుకెళ్లాను. వచ్చేసరికి అది తిరుగుతోంది. పక్కన పీట వేసుకుని నాయనమ్మ. గిన్నెలో లేత పసుపు ముద్ద, చుట్టూ నీళ్లు.

“నీ కవ్వం మధ్యలోనే ఆగిపోయిందిరా. వెన్న పడకుండా వదిలేత్తే ఎలాగ? నేనే తిప్పి చన్నీళ్లు పోశాను. ఎంత బాగా పడిందో చూడు.”

మొహం వెలిగిపోతోంది. అరవడానికి నోరు తెరిచాను. అందులో ఒక ముద్ద పెట్టేసింది. వెన్న బాగుంది, అదే ఘోరం.

ఊళ్లో ఇంకెక్కడా పాల క్రీమ్ లేదు. రూబీకి ఫోన్ చేసి సంగతి చెబితే వాళ్ల నాన్నని పిలిచింది. సామ్యేలు మాస్టారు ఫోనందుకుని, పర్వాలేదండి, బేకరీలో ఏదో ఒకటి తెచ్చుకుంటాం అన్నారు. నన్ను పుట్టినప్పట్నుంచీ ‘ఒరేయ్’ అనే మనిషి ‘అండి’ అన్నారు.

డిసెంబర్ 15

అమ్మ ఆ వెన్నతో నెయ్యి కాచింది. నాన్న కమ్మగా ఉందన్నారు. కొట్టు తాళాలు నా కంచం పక్కన పెట్టారు.

డిసెంబర్ 16, సోమవారం

మొదటి బేరం. పెదబాబుగారు కొబ్బరిచెట్లకి వేపపిండి అడిగారు. బస్తా మీద పెద్ద అక్షరాలతో ‘నీమ్ కేక్’ అని ఉంది.

కేకు అమ్మాను.