రేపటి గడి కూడా నింపేశాను

అక్కా, నేను బానే ఉన్నాను. ఈ కార్డు అమ్మకి చదివి వినిపించకు.

సూపర్‌మార్కెట్‌కి పిన్ని వేసే పెరుగు డబ్బాలుండే కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి, రోజుకి మూడుసార్లు టెంపరేచర్ చూసి చార్టులో రాయాలి. అయిదు డిగ్రీలు దాటకూడదు. ఇంగ్లిష్ వచ్చు కదా అని ఆ పని నాకిచ్చింది. నేను చలికి బద్ధకించి, చూడకుండా వారం మొత్తానికీ నాలుగని రాసేశాను. మంగళవారం సూపర్‌మార్కెట్ వాళ్ల ఆఫీసర్ వచ్చి, "రేపటిది ఇవాళే తెలిసిపోయిందా తల్లీ? జాతకాలు కూడా చెప్తావా?" అన్నాడు. పిన్ని "నేనే రాశానండీ" అనేసింది. గడిగడికీ నా సంతకమే ఉందక్కా! పది రోజుల్లో మళ్లీ వస్తారట. ఈసారి తప్పు దొరికితే ఇంక పిన్ని సరుకు తీసుకోరట. భయంతో అన్నం దిగట్లేదు.

ఇవాళ పొద్దున మీటర్ తొమ్మిది చూపించింది. తొమ్మిదనే రాశాను. పిన్ని చార్టు చూసింది. కింద కూర్చుని డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి పారబోసింది. నేనూ పక్కన కూర్చున్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? బాగా తింటున్నానని అమ్మకి చెప్పు. నా నీలం స్వెట్టర్ పంపు. ఇప్పుడు మూడుపూటలా లోపలికి వెళ్లే చూస్తున్నాను.

నీ పిచ్చుక