నీటికుక్కల లెక్క సవరించమని మనవి

నదీతీర వన్యప్రాణి విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు, ఒక సినిమా ఎడిటరు సమర్పించుకొను అర్జీ.

విషయం: వంతెన దిగువ నదిలో ఏడు నీటికుక్కలు కలవని తమ కార్యాలయము వ్రాసుకొనిన లెక్కను ఒకటిగా సవరించి, అచ్చటి కాపలా ఎత్తివేతను, ఇసుక తవ్వకపు అనుమతిని నిలుపుదల చేయుట గురించి.

అయ్యా,

అర్జీదారు, అనగా నేను, అడవి జంతువులను కాపాడే సంస్థల కోసం చిన్న సినిమాలు కూర్చిపెట్టే పనిలో ఉన్నాను. వంతెన దిగువన బతికే నీటికుక్కల మీద వచ్చిన సినిమా నేను కూర్చినదే. దానిని తీయించిన సంస్థను మా అక్క నడుపుచున్నది. కెమెరా పట్టినది మా బావ. కాబట్టి దిగువ వ్రాయునదంతా ఇంటిగుట్టు కూడాను అని తమరు గ్రహించగలరు. మొదటి ప్రదర్శన నాడు తమరు ముందు వరుసలో కూర్చుని, తల్లి నీటికుక్క తన నోటి చేపను పిల్లకు వదిలిపెట్టే చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వెనక వరుసలోంచి నేను చూశాను. అప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఇప్పుడు అది తలుచుకుంటే తిండి సహించడం లేదు.

1. తమ కార్యాలయము ఇటీవల జారీ చేసిన ఉత్తర్వులో, "సదరు చిత్రమును పరిశీలించగా పెద్దవి అయిదు, పిల్లలు రెండు, వెరసి ఏడు నీటికుక్కలు ఆరోగ్యముగా సంచరించుచున్నట్లు స్పష్టమగుచున్నది, కావున ప్రత్యేక కాపలా అనవసరము" అని ఉన్నది. అందుమూలమున గట్టు మీది కాపలా గుడిసె పీకివేయబడినది. వచ్చే సోమవారం నుంచి నదిలోకి యంత్రాలు దింపి ఇసుక తవ్వుకొనుటకు అనుమతి ఇవ్వబడినది. వాళ్ళు తవ్వబోయే గట్టులోనే నీటికుక్క బొరియ ఉన్నది.

2. సదరు ఏడు నీటికుక్కలు ఒకటే నీటికుక్క అని తెలియజేసుకొనుచున్నాను.

3. ఇది ఎట్లు సాధ్యమని తమరికి సందేహము కలుగవచ్చును. దానికి ఎడమ చెవి అంచు చిరిగి ఉంటుంది. దృశ్యాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేస్తే చిరుగు కుడి చెవికి పోతుంది. అక్కడికి రెండు. నీళ్ళలోంచి అప్పుడే లేచినప్పుడు బొచ్చు అంటుకుపోయి సన్నగా కనిపిస్తుంది, ఎండలో ఆరాక ఒళ్ళు విచ్చుకుని భారీగా కనిపిస్తుంది. తడిసినది తల్లి, ఆరినది తండ్రి. దూరం నుంచి పెద్ద బండ పక్కన తీసినవి పిల్లలు. మంచులోంచి తలెత్తి చూసేది పొరుగు నుంచి వచ్చిన శత్రువు. శత్రుత్వం మొత్తం నేను వేసిన సంగీతంలో ఉంది, పాపం దాని మొహంలో ఏమీ లేదు. తమరి కంటతడికి కారణమైన చోట చేప వదిలినది అదే, తర్వాత వచ్చి ఆ చేప తిన్నదీ అదే. ఒకే దృశ్యంలో రెండు పక్కపక్కన కూర్చున్న చోటు ఒకటున్నది, తమ ఉత్తర్వులో దానిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. బావ కెమెరా కదపకుండా ఉంచితే అది కాసేపు బండకు ఈ పక్క, కాసేపు ఆ పక్క కూర్చుంది. రెండు సగాలు తెచ్చి అతికించాను. అతుకు కనపడకుండా చేసేసరికి నా నడుము పడిపోయింది. పని బాగా కుదిరిందని ఇప్పటికీ అంటాను.

4. ఇట్లు ఏల చేసితివని అడుగుదురేమో. బావ ఒంటికి జలగలు పట్టించుకుంటూ మొలలోతు నీళ్ళలో నెలల తరబడి నిలబడ్డాడు. తెచ్చినదంతా వేసి చూస్తే ఒక్కటే జంతువు.

"ఒక్కదాన్నే చూపిస్తే జనం అయ్యో పాపం అని ఊరుకుంటారే. కుటుంబాన్ని చూపిస్తే కదులుతారు" అంది అక్క.

"కుటుంబాన్ని ఎక్కణ్ణుంచి తేనక్కా?"

"ఎడిటరువి నువ్వా, నేనా?"

మా వృత్తిలో ఇది మోసం కిందకి రాదు అయ్యా. నక్క పరిగెత్తేది ఒకచోట, కుందేలు పరిగెత్తేది ఇంకోచోట, వేట మాత్రం మా బల్ల మీద జరుగుతుంది. జనం సినిమా చూస్తారనుకున్నాం గాని, చూస్తూ జనాభా లెక్కలు రాసుకునేవాళ్ళు ఉంటారని కలలో కూడా అనుకోలేదు. "కొన్ని దృశ్యాలు కథ కోసం కూర్చినవి" అని చివర్న ఒక వాక్యం పెట్టాను కూడాను. తమ విభాగము వారి పేర్లు, హోదాలు, వారికి మా కృతజ్ఞతలు వేసేసరికి చోటు చాలక అది ఎగిరిపోయింది.

5. ఈ సంగతి నోటిమాటగా విన్నవించుకొనుటకు తమ కార్యాలయానికి వచ్చి ఉన్నాను. మొదటి కిటికీలో ఆయన తలెత్తకుండానే "కుక్కలా? కుక్కలైతే పారిశుద్ధ్యం ఆఫీసుకి పోండమ్మా" అన్నారు. బుద్ధి లేక వెళ్ళాను. అక్కడివారు "కరిచిందా?" అని అడిగారు. లేదన్నాను. కరవని కుక్క మీద ఫిర్యాదు తీసుకోరట. మళ్ళీ తమ కార్యాలయానికే వచ్చి, మెట్ల పక్క గదిలోని సూపరింటెండెంటు గారిని పట్టుకున్నాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి మొత్తం విన్నారు.

"ఏడున్నాయని రాశాం. బాగున్నాయి గనక కాపలా తీసేశాం. ఇప్పుడు మీరొచ్చి ఒకటే అంటున్నారు."

"ఒకటేనండి."

"మగదా, ఆడదా?"

"ఆడదండి."

"జత ఉందా?"

"లేదండి."

"మరింకేంటమ్మా! ఒక్కటంటే ఇక పెరిగేదేముంది? లేనట్టే లెక్క. లేనిదానికి కాపలా పెడితే రేపు మమ్మల్ని అడగరూ?" అని నాకు టీ తెప్పించారు. మనిషి మంచివారే. టీ కూడా బాగుంది. తాగుతూ ఏడ్చాను.

కావున ఏడు ఉన్నచో కాపలా అక్కర్లేదు, ఒకటి ఉన్నచో కాపలా దండగ. మరి ఎన్ని ఉంటే తమ కార్యాలయమునకు సరిపోవునో ఆ అంకె సెలవిప్పించగలరు. రెండా? మూడా? మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా ఎన్ని కావాలంటే అన్ని చేసి సాయంత్రానికల్లా పంపిస్తాను. నాకు చేతనైన పని అదే కదా!

పై మాటలు కోపంలో వ్రాయబడినవి. క్షమించగలరు. కొట్టివేయుట మాత్రము లేదు.

6. ఈ అర్జీ వలన మా ఇంట కలిగిన స్థితి: అక్కకు చెప్పాను. "ఇది ఇచ్చావంటే మన సినిమా మొత్తం అబద్ధమంటారు. రేపట్నుంచి మనం ఏం చూపించినా నమ్మరు. సంస్థ మూతపడుతుంది. రెక్కలు విరిగిన ఆ గద్దల్ని, వలల్లో కోసుకుపోయిన తాబేళ్ళని ఎవరు చూస్తారే, నువ్వు చూస్తావా?" అంది. అక్క అన్నది నిజమే. వాటికి మా సంస్థ షెడ్డు తప్ప దిక్కు లేదు. తన పెళ్ళినాటి గాజులు కూడా ఆ షెడ్డుకే పోయాయి, నాకు తెలుసు. బావ ఇద్దరి మాటా విని, "దాని బొరియ మీద యంత్రం పడితే నేనిక కెమెరా పట్టను" అని కెమెరా సంచి అటక మీద పెట్టేశాడు. ఆ మాటన్నప్పటి నుంచి వాళ్ళిద్దరూ నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు. ఉప్పు అందుకోమని కూడా నేనే చెప్పాలి.

అయినా ఇస్తున్నాను. మేము చూపించిన ఏడింటిలో ఆరు పోయినా ఎవరికీ నొప్పి ఉండదు. ఈ ఒక్కదానికి ఉంటుంది.

కాబట్టి వేడుకొనునది ఏమనగా: బావ తీసిన దృశ్యాలన్నీ నేను చెయ్యి పెట్టకముందు ఎలా ఉన్నాయో అలాగే దీనితో జతపరిచాను. తమరే కూర్చుని చూడగలరు. ఏ దృశ్యమైనా ఆపి చెవి చూడండి చాలు. ఎగువ నుంచి మగది ఎప్పుడైనా కొట్టుకు రావచ్చునని బావ ఆశ. బొరియ మిగిలితేనే ఆ ఆశకు అర్థం ఉంటుంది. యంత్రాలను ఆపించి, కాపలా మనిషిని మళ్ళీ పెట్టించ ప్రార్థన. ఒక్క ప్రాణిని కాపాడుటకు తమ ఫారములో గడి లేనిచో, వెనకవైపు వ్రాయించగలరు.

నా తప్పును, నా తొందరను కూడా మన్నించి ఈ మనవిని చల్లని మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎడిటరు
(తమ లెక్కలోని ఆరు నీటికుక్కలను పుట్టించినది)

తా.క. సార్, కవరు అంటించేశాక నది దగ్గర నుంచి బావ ఫోన్ చేశాడు. చించి మళ్ళీ రాస్తున్నాను. రోడ్డుకి ఇవతల మీరు కొత్తగా తెరిచిన సమాచార కేంద్రంలో మా సినిమా పెద్ద స్పీకరు పెట్టి పొద్దస్తమానం వేస్తున్నారట. అందులో అది ఈల వేసినట్టు పిలుస్తుంది, పొదల్లోంచి ఇంకోటి బదులు పలుకుతుంది. ఆ బదులు లేదు సార్. అసలు దృశ్యంలో అది పిలుస్తుంది, ఆగి వింటుంది, మళ్ళీ పిలుస్తుంది, అంతే. దాని గొంతునే కాస్త బొంగురు చేసి బదులుగా నేను పెట్టాను. ఇప్పుడది నదిలోంచి లేచి, లారీలు తిరిగే రోడ్డు దాటి, ఆ కేంద్రం దగ్గరికొచ్చి పిలుస్తోందట. స్పీకర్లో బదులు వచ్చినప్పుడల్లా గోడ చుట్టూ తిరిగి వెతుకుతోందట. బావ రోడ్డు మధ్య నిలబడి చేతులెత్తి లారీలు ఆపుతున్నాడు. లోపలున్నాయన పైవాళ్ళు చెప్పందే ఆపనన్నాడట.

అక్క నా భుజం మీదుగా ఇదంతా చదివింది. కలం లాక్కుని నా సంతకం కింద తనూ సంతకం పెట్టింది.

లెక్క ఏడనే ఉంచుకోండి సార్, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్పీకరు ఆపమని ఒక్క ఫోన్ చెయ్యండి.