చేటలో కురిసిన వాన

నాయనమ్మా, నీ దీవెన ఫలించింది, నా గురించి బెంగ పెట్టుకోకు.

ఈ ఊళ్ళో నీ పెళ్ళినాటినుంచీ ఏటా సినిమా ఉత్సవం జరుగుతోంది, ఈ ఊరివాళ్ళు తీసినవే వేస్తారు. నిన్న నేను చప్పుళ్ళు కూర్చిన మా సినిమా కూడా వేశారు. అందులో వాన నీదే! షూటింగులో చినుకు రాలలేదు. అందుకని నువ్వు పప్పు చెరుగుతుంటే రికార్డు చేసుకున్న చప్పుడే పెట్టాను. చీకట్లో హాలంతా కళ్ళు మూసుకుని తడిసింది. నా పక్కావిడ ఉలిక్కిపడి, "అయ్యో, మేడమీద బట్టలు ఆరేసొచ్చా!" అంటూ లేచింది. బయటికెళ్ళి ఎండలో చాలాసేపు అరచెయ్యి చాపి నిలబడింది.

నీ మణికట్టు నొప్పి తగ్గిందా? నా దుప్పటి ఎవరితోనైనా పంపు. అమ్మానాన్నలకి నమస్కారాలు.

వచ్చే సినిమాకి సముద్రపు హోరు కావాలి, నీ గురక చాలు. పెట్టనని వాదించకు. అది వినబడక ఇక్కడ నాకు నిద్రే పట్టడం లేదు.

నీ పిచ్చుక